రేవులో ఎనిమిది గంటలు, ఎక్కడ మునగాలి?

క్రూయిజ్ టికెట్లు కొన్న రాత్రి మా అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న, "ఓడలో పెరుగు దొరుకుతుందా?" అని. అందరూ పడుకున్నాక నేను వెతికిన మొదటి ప్రశ్న, మధ్య అమెరికాలోని బెలీజ్‌లో ఓడ దిగి, సముద్రంలో గుండ్రటి గొయ్యిలా ఉండే బ్లూ హోల్ దాకా వెళ్ళి రావచ్చా అని. ఎవరి ఆరాటం వాళ్ళది. పెరుగు సంగతి ఓడెక్కిన మర్నాడు పొద్దున్నే తేలిపోయింది, దొరికింది. బ్లూ హోల్ సంగతి తేలడానికి మూడు వారాలు పట్టింది.

మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. గాల్వెస్టన్ నుంచి క్రూయిజ్ అంటే మా డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్ళకి ఇంచుమించు తిరుపతి ప్యాకేజీ టూరే. విమానం టికెట్లు అక్కర్లేదు, కారేసుకుని ఐదు గంటల్లో రేవుకి చేరిపోవచ్చు, ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరూ కలిసొస్తారు. 2023 డిసెంబరులో భీమవరం నుంచి అత్తయ్య, మామయ్య వచ్చి ఉన్నారు. పిల్లాడికి సెలవులు. ఆదివారం బయల్దేరి మళ్ళీ ఆదివారానికి తిరిగొచ్చే ఓడ. బుధవారం హోండురస్‌లోని రోఅటాన్ దీవి, గురువారం బెలీజ్ సిటీ, శుక్రవారం మెక్సికోలోని కొజుమెల్. మిగతా రోజులన్నీ సముద్రం మీదే.

ఈ మూడు రేవులూ ఒకే పగడపు గట్టు మీద ఉన్నాయి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ తర్వాత ప్రపంచంలో పెద్దదిగా చెప్పే మీసోఅమెరికన్ రీఫ్ అదే. యుకటాన్ కొస నుంచి హోండురస్ దాకా సుమారు 1000 కిలోమీటర్లు. అలాంటి చోటికి వెళ్తూ ఓడలో కూచుని ఐస్‌క్రీమ్ తిని రావడానికి నాకు మనసొప్పలేదు. నా దగ్గర స్కూబా కార్డుంది, అంటే వీపున గాలి ట్యాంకు కట్టుకుని మునగడం నేర్చుకున్నానని చెప్పే కార్డు. 2016లో అండమాన్‌లో, అప్పటికింకా హావ్‌లాక్ అనే పిలిచే స్వరాజ్ ద్వీప్‌లో, అందులో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేశాను. ఆ కార్డుకి కాలదోషం ఉండదు. మనిషికి ఉంటుందని తర్వాత తెలిసింది.

ముందు బ్లూ హోల్. నా ఫోన్ వాల్‌పేపర్ అదే, ఏళ్ళ తరబడి. లేత నీలం నీళ్ళ మధ్య ముదురు నీలం బొట్టు. 300 మీటర్ల పైచిలుకు వెడల్పు, 120 మీటర్ల పైచిలుకు లోతు. 1971లో ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు కూస్తో తన కలిప్సో నౌకతో అక్కడికెళ్ళి ప్రపంచానికంతా చూపించిన చోటు. ఇప్పుడు లెక్క చూడండి. అది బెలీజ్ సిటీకి 70 కిలోమీటర్ల దూరంలో నడిసముద్రంలో ఉంది. బెలీజ్ సిటీ దగ్గర సముద్రం లోతు తక్కువ, పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేవు. చాలా దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో జనాన్ని విడతలు విడతలుగా దింపుతారు. బ్లూ హోల్‌కి వెళ్ళే పడవలేమో తెల్లారకుండానే బయల్దేరి సాయంత్రానికి గానీ తిరిగి రావు. పైగా అక్కడ డైవ్ అంటే ఆ పేరుపడ్డ రాతి ఊడల్ని చూడ్డానికి 40 మీటర్ల దాకా దిగాలి. ఓపెన్ వాటర్ కార్డుకి హద్దు 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ చేస్తే 30. అంత లోతులో ఉండగలిగేది ఎనిమిది పది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల కోసం నేను ఓడ తప్పిపోయే పందెం కాయాలి, నా కార్డు ఒప్పుకోని లోతుకి దిగాలి. ఇంత తెలిశాక కూడా రెండు రోజులు మనసు పీకింది. చివరికి బెలీజ్ రోజు కుటుంబానికి రాసిచ్చేశాను, రోఅటాన్, కొజుమెల్ నేను ఉంచుకున్నాను.

తర్వాత అసలు చిక్కు. ఓడవాళ్ళ ఎక్స్‌కర్షన్ల పేజీలో సర్టిఫైడ్ డైవర్ల ట్రిప్పు కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది: గత రెండేళ్ళలో డైవ్ చేసి ఉండాలి, చేసిన డైవులు రాసుకునే లాగ్‌బుక్ చూపించాలి. నా లాగ్‌బుక్కు తీసి చూశాను. హావ్‌లాక్‌లో ఆరు, 2019లో హవాయిలో రెండు. మొత్తం ఎనిమిది. నాలుగేళ్ళుగా నీళ్ళలో తల పెట్టింది స్నానాలగదిలోనే. రిఫ్రెషర్ చేస్తే ఒప్పుకుంటారా అని వాళ్ళకి రాతపూర్వకంగా రాసి, ఔనని జవాబొచ్చాక ప్రింటు తీసి పెట్టుకున్నాను. మీరూ అలాగే చెయ్యండి. ఫోన్లో చెప్పిన మాట రేవులో గుమస్తా దగ్గర చెల్లదు.

ఇంటికి దగ్గర్లోని డైవ్ షాపులో ఒక శనివారం రిఫ్రెషర్. లోపలి కొలను, లోతు నాలుగు మీటర్లు. మాస్కులోకి కావాలని నీళ్ళు నింపుకుని, ముక్కుతో ఊది ఖాళీ చెయ్యడం. గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లోంచి తీసేసి, పక్కకి వంగి చేత్తో వెతికి పట్టుకుని మళ్ళీ పెట్టుకోవడం. మొదటిసారి మాస్కులో నీళ్ళు నిండగానే కళ్ళు గట్టిగా మూసుకుని ముక్కుతో పీల్చాను, అడుగునుంచి దగ్గుతూ పైకొచ్చాను. పక్కన పన్నెండేళ్ళ పిల్లొకత్తె అదే పని పాఠం అప్పజెప్పినంత సులువుగా చేసి నాకేసి చూసింది. మూడోసారికి కుదిరింది. ఆ మధ్యాహ్నానికి పెట్టిన డబ్బు ఈ మొత్తం ప్రయాణంలో దండగ కాని ఖర్చుల్లో మొదటిది.

ఈ లోపు మా ఆయనకి కూడా ఉత్సాహం వచ్చింది. కార్డు లేనివాళ్ళకి డిస్కవర్ స్కూబా అని ఉంటుంది, శిక్షకుడు పక్కనే ఉండి 12 మీటర్లకి మించకుండా తీసుకెళ్తాడు. దానికి ఆరోగ్యం ఫారం నింపాలి. ఆయనకి 46 ఏళ్ళు, రోజూ ఒక బీపీ మాత్ర. ఫారంలో రెండో ప్రశ్నే 45 దాటాయా అని. ఔనంటే ఇంకో గళ్ళలోకి పంపిస్తుంది: సిగరెట్టు, కొలెస్ట్రాల్, బీపీ, దగ్గరి బంధువుల్లో చిన్న వయసులో గుండెజబ్బు మరణాలు. అందులో ఒక్కటి ఔనన్నా డాక్టరు సంతకం లేనిదే దింపరు.

"చిన్న మాత్రే కదా, లేదని కొట్టేస్తా," అన్నాడు.

"లేదని కొట్టేసి నీళ్ళలో ఏదైనా అయితే ఇన్సూరెన్సువాడు కూడా నిన్ను లేడని కొట్టేస్తాడు," అన్నాను.

మూడు రోజులు మాటల్లేవు. తర్వాత తనే డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఆవిడ ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి సంతకం పెట్టింది. ఇది ఇంట్లో చేసుకోవాల్సిన పని. చాలామంది ఈ ఫారాన్ని రేవులో, పడవ ఎక్కే ముందు మొదటిసారి చూస్తారు. నిజం రాస్తే అక్కడికక్కడే ఆపేస్తారు, డబ్బు కూడా వెనక్కి రాకపోవచ్చు. అబద్ధం రాయడం మరీ తప్పు.

ఇక ఓడవాళ్ళ ట్రిప్పా, సొంతంగా దీవిలోని షాపుతోనా? నేను చాలా సేపు తర్జనభర్జన పడిన విషయం ఇదే. రెండు ట్యాంకుల డైవ్, అంటే ఒకే పడవ ట్రిప్పులో రెండుసార్లు మునగడం, అప్పట్లో ఓడవాళ్ళ దగ్గర 150 డాలర్ల చిల్లర, సామానుతో సహా. కొజుమెల్‌లో షాపుని నేరుగా అడిగితే 110, సామాను అద్దె వేరు, మెరైన్ పార్కు రుసుం ఐదారు డాలర్లు వేరు. ఇవన్నీ 2023 నాటి ధరలు. అంటే తేడా పెద్దదేం కాదు. అసలు తేడా వేరేచోట ఉంది. ఓడ ట్రిప్పు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మన సొంత పడవ ఆలస్యమైతే, రేవు చివర నిలబడి ఓడకి టాటా చెప్పాల్సిందే. వాతావరణం బాగాలేక ఓడ ఆ రేవుకే వెళ్ళకపోతే ఓడవాళ్ళు డబ్బు తిరిగిచ్చేస్తారు, షాపువాళ్ళు ఇస్తారా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. డిసెంబరులో కొజుమెల్‌కి ఇది ఉత్తుత్తి భయం కాదు. శీతాకాలంలో ఉత్తరం నుంచి చలిగాలులు విరుచుకుపడతాయి, అక్కడివాళ్ళు నోర్తే అంటారు. అవి వీచిన రోజున రేవు అధికారి చిన్న పడవలన్నిటికీ రేవు మూసేస్తాడు. ఇంకెవరి పలుకుబడీ పనిచెయ్యదు.

రెండో పక్క, ఓడ ట్రిప్పుల మీద అందరూ రాసే ఫిర్యాదు ఒక్కటే. ఒక్క గైడు వెనకాల ఏడెనిమిది మంది, అందులో ఎవడో ఒకడు గాలి గబగబా తాగేస్తాడు, వాడి మూలంగా అందరూ అరగంటకే పైకి రావాలి. చదివి చదివి ఆ "ఎవడో ఒకడి" మీద నాకు ముందే ఒళ్ళు మండిపోయింది.

చివరికి ఇలా అనుకున్నాను. రోఅటాన్ మొదటి రేవు, నాలుగేళ్ళ తర్వాత మొదటి డైవ్, మా ఆయన డిస్కవర్ కూడా అదే పడవలో, కాబట్టి అక్కడ ఓడవాళ్ళ ట్రిప్పు. కొజుమెల్‌లో చేయి తిరిగి ఉంటుంది కాబట్టి సొంతంగా, చిన్న బృందంతో, శాంతా రోసా గోడ. ఆ గోడ అంచు దగ్గర రీఫ్ ఒక్కసారిగా తెగిపోయి నీలంలోకి దిగిపోతుందని చదివినప్పుడే పేరు రాసి పెట్టుకున్నాను.

కొజుమెల్ షాపతనికి నేను పంపిన మెయిల్‌లో ఆరు ప్రశ్నలున్నాయి. గైడుకి ఎంతమంది? నోర్తే వస్తే? ఓడ రాకపోతే? అద్దె సామాను ఎలాంటిది? మధ్యాహ్నం పడవ ఉందా? ఎన్నింటికి తిరిగొస్తుంది? అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చి, చివర్లో అతనే ఒక ప్రశ్న అడిగాడు: "పన్నెండున్నర పడవ అన్నారు, ఎవరి పన్నెండున్నర?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. కొజుమెల్ ఉన్న కింటానా రో రాష్ట్రం 2015లో తన గడియారం మార్చుకుంది, ఏడాదంతా న్యూయార్క్ శీతాకాలపు టైమే. టెక్సాస్ చలికాలంలో దానికి గంట వెనక. మా ఓడ వారమంతా గాల్వెస్టన్ టైమే పాటిస్తుంది. రోఅటాన్, బెలీజ్‌లలో చలికాలంలో ఊరి టైమూ ఓడ టైమూ ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. కొజుమెల్‌లో మాత్రం ఊళ్ళో పన్నెండున్నర అంటే ఓడలో పదకొండున్నర. నేను ఓడ గడియారం చూసుకుని తీరిగ్గా వెళ్ళుంటే పడవ వెళ్ళిపోయి గంటయ్యేది.

కాగితం తీసి లెక్క వేశాను. ఓడ కట్టేది తొమ్మిదికి, ఊళ్ళో పది. షాపు పొద్దున్న పడవ ఊరి ఎనిమిదికి, అంటే అప్పటికి మేమింకా సముద్రం మీదుంటాం. అదొద్దు. మధ్యాహ్నం పడవ ఊరి పన్నెండున్నరకి వెళ్ళి నాలుగున్నరకి వస్తుంది, ఓడ లెక్కలో మూడున్నర. అందరూ ఓడెక్కాల్సిన గడువు నాలుగున్నర. గంట మిగిలింది. ఫర్వాలేదనుకుని బయానా పంపాను. ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికిస్తే మామయ్య చూసి, రైలు మారేటప్పుడు ఇలాగే రాసుకునేవాణ్ణి అన్నారు.

డైవర్ల ఇన్సూరెన్సు ఒకటి తీసుకున్నాను. లోతు నుంచి గబగబా పైకొస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టచ్చు, దాన్నే డీకంప్రెషన్ జబ్బంటారు, ఒత్తిడి పెంచే గదిలో, అంటే ఛాంబర్‌లో, ఉంచి నయం చేస్తారు. మామూలు ఆరోగ్య బీమా ఆ ఛాంబర్ చికిత్సకీ, తరలింపుకీ వర్తించకపోవచ్చు. రోఅటాన్, కొజుమెల్ రెండు దీవుల్లోనూ అలాంటి ఛాంబర్లున్నాయి, అది కొంత నిబ్బరం. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కినా ఆ జబ్బు రావచ్చు. మాకు విమానం గొడవ లేదు. హ్యూస్టన్ నుంచి ఎగిరేవాళ్ళు మాత్రం చూసుకోవాలి, ఒక్క డైవ్ అయితే 12 గంటలు, వరసగా చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. చివరి రేవు తర్వాత ఒక రోజు సముద్రం మీద ఉంటే ఆ లెక్క దానంతటదే సరిపోతుంది. వాంతుల మాత్ర కూడా ముందు ఇంట్లో ఒక ఆదివారం వేసుకుని చూశాను. మూడు గంటలు నిద్రపోయాను. మగత రాని రకం మార్చుకున్నాను.

బుధవారం, రోఅటాన్. ఓడ దిగి, పడవెక్కి, పావుగంటలో రీఫ్ మీదున్నాం. నీళ్ళు వెచ్చగా, 27 డిగ్రీలు. ఎనిమిది మందికి ఒక గైడు, సరిగ్గా అందరూ తిట్టిన లెక్కే. మునగడానికి నడుముకి కట్టుకునే బరువులెన్ని కావాలని అడిగాడు. హావ్‌లాక్‌లో ఎంత కట్టుకున్నానో గుర్తు లేదు. తక్కువైతే మునగలేనేమోనని పద్నాలుగు పౌండ్లు అన్నాను. అతను ఒకసారి నన్ను చూసి, ఏమీ అనకుండా సీసం బిళ్ళలు ఇచ్చాడు.

మునగడంలో ఏ ఇబ్బందీ లేదు. బావిలో చేద జారినట్టు జారిపోయాను. పడిపోతున్నానని, తేలడానికి గాలి నింపుకునే డైవింగ్ జాకెట్టులోకి గాలి కొట్టాను. ఎక్కువై పైకి లేచాను. గాలి వదిలాను. మళ్ళీ కిందికి. చేతులతో నీళ్ళు తోసుకుంటూ, కాళ్ళు తపతపా కొట్టుకుంటూ, రొప్పుతూ. చుట్టూ ఊదారంగు సముద్రపు విసనకర్రలు ఊగుతున్నాయి, గోడ పక్కన మనిషి దూరేంత పీపా స్పాంజీ ఉంది, గైడు దేన్నో చూపిస్తున్నాడు. నాకు నా పొట్ట దగ్గరున్న జాకెట్టు బొత్తాలే కనిపిస్తున్నాయి. లోతు 18 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకి పైన తీసే శ్వాసకంటే మూడు రెట్ల దాకా గాలి ఖర్చవుతుంది. కొలనులో నాలుగు మీటర్ల దగ్గర ఈ తేడా తెలియదు.

ట్యాంకులో ఎంత గాలి మిగిలిందో చూపించే గేజీ చూసుకుంటే 1000 పీఎస్ఐ. మొదలుపెట్టింది 3000తో. నీళ్ళలోకి దిగి ఇరవై రెండు నిమిషాలయింది. గైడుకి వేళ్ళతో చూపించాను. అతను నా గేజీ పట్టుకుని తనే ఇంకోసారి చూశాడు. అందరికీ బొటనవేలు పైకెత్తి చూపించాడు, స్కూబాలో దానర్థం బాగుందని కాదు, పైకి పదండని. సరిగ్గా అప్పుడే కిందనుంచి ఒక తాబేలు తాపీగా ఈదుకుంటూ వచ్చింది. మిగతా ఏడుగురూ దాన్ని చూస్తూ, మెడలు కిందికి వంచుకునే పైకి లేచారు. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలూ తాబేలు మా కింద గడ్డి మేసే ఆవులా స్పాంజీ కొరుక్కుంటూ కూచుంది, ఏడుగురి మొహాలు మాస్కుల వెనకనుంచి నావైపు తిరిగి ఉన్నాయి. ఆ "ఎవడో ఒకడు" నేనే.

పడవలో ఓక్లహోమా నుంచొచ్చిన పెద్దావిడ ఒకామె పైనాపిల్ ముక్కల డబ్బా నాకందించి, తన మొదటి పాతిక డైవుల్లో అందరి గాలీ తనే తాగేసేదాన్నంది. ఒకాయన మాత్రం తన కెమెరా తుడుచుకుంటూ నాకేసి చూడలేదు. చూడకపోవడమే మంచిదయింది. గైడు నా నడుం దగ్గర కూచుని, అడక్కుండానే నాలుగు పౌండ్ల సీసం తీసేశాడు. చేతులు కట్టుకుని ఈదమన్నాడు. రెండో డైవ్ పన్నెండు మీటర్లకి మించలేదు, చేతులు కట్టుకునే ఈదాను, ముప్పై ఎనిమిది నిమిషాలు వచ్చింది. ఒక రాతి కింద గీతల గీతల సింహపు చేప కనిపించింది. అది ఈ సముద్రానిది కాదు, పసిఫిక్, హిందూ మహాసముద్రాల నుంచి వచ్చిపడి ఇక్కడి చిన్న చేపల్ని తినేస్తోంది. అండమాన్‌లో దాన్ని చూసి మురిసిపోయాను, ఇక్కడ గైడు దాన్ని చూసి గొంతు కోస్తున్నట్టు సైగ చేశాడు.

మా ఆయన? మూడు మీటర్ల దగ్గర చెవులు నొప్పెట్టాయి, ముక్కు మూసి ఊదినా తెరుచుకోలేదు, పైకొచ్చేశాడు. ట్రెడ్‌మిల్ పరుగంతా వృథా. మిగతా సమయం పిల్లాడితో స్నార్కెల్ వేసుకుని తేలుతూ, నాకంటే ఎక్కువ చేపలు చూశాడు. అది ఇప్పటికీ అందరికీ చెప్తుంటాడు.

గురువారం బెలీజ్. అందరం ఆల్తూన్ హా అనే మాయన్ శిథిలాల దగ్గరికెళ్ళాం. మామయ్య గుడి మెట్లన్నీ ఎక్కారు, అత్తయ్య కింద చెట్టు నీడన కూచుంది. పొద్దున్న చిన్న పడవలో ఒడ్డుకి రావడానికే ఎంత సేపు పట్టిందో చూశాక బ్లూ హోల్ మీద మిగిలిన కాస్త బెంగ కూడా తీరిపోయింది.

ఆ రాత్రి ఓడ వైఫైలో కొజుమెల్ షాపతనికి మెయిల్ రాయాల్సి వచ్చింది. రాయాలంటే సిగ్గేసింది. మూడు వారాల క్రితం అడిగిన ఆరు ప్రశ్నలూ అతని గురించే, నా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను: మొత్తం పది డైవులు, నిన్న 18 మీటర్ల దగ్గర 22 నిమిషాలకి 1000 మిగిలింది, బరువులు మొదట 14, తర్వాత 10. శాంతా రోసా నాకు సరిపోతుందా?

గంటలో జవాబు. శాంతా రోసా బృందంలో ఐదుగురు, అందరూ వందల డైవులు చేసినవాళ్ళు, అక్కడ ప్రవాహం కూడా ఎక్కువ, వద్దు. దానికి బదులు పలంకార్ హార్దీనెస్, తర్వాత పారడైస్ అనే రెండు రీఫులు, మరో ముగ్గురితో. మామూలు అల్యూమినియం ట్యాంకుకి బదులు ఇంకాస్త పెద్ద ఉక్కు ట్యాంకు, పది డాలర్లు అదనం. ఉక్కుది బరువు కాబట్టి ఆరు పౌండ్ల సీసం చాలు. గాలి సూచన బాగుంది, నోర్తే శనివారం రాత్రికి గానీ రాదు. రేపు కలేటా మెరీనాకి రండి, మీ గడియారంలో పదకొండుంబావుకి. "మీ గడియారంలో" అన్న మాట కింద గీత గీశాడు.

కొజుమెల్‌లో డైవ్ అంటే కొట్టుకుపోవడమే. ఈ దీవి పడమటి ఒడ్డు వెంట ప్రవాహం నడుస్తుంటుంది. పడవ ఒకచోట దింపుతుంది, మనం దాంతోపాటు సాగిపోతాం, పైన పడవ మన బుడగల వెంట వస్తుంది, ఎక్కడ తేలితే అక్కడ ఎక్కించుకుంటుంది. తిరిగి ఈదాల్సిన పని లేదు. చేతి తొడుగులు, కత్తులు పార్కులో నిషేధం. 1996 నుంచి ఇది జాతీయ పార్కు. పట్టుకోవడానికి చేతికి తొడుగు లేకపోతే ఎవరూ పగడాన్ని పట్టుకోరు, అదీ తర్కం. నేను చిన్నప్పుడు పాలకొల్లు దగ్గర కాలవలో నడుముకి సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్నాను. నీరు వదిలిన రోజున చేతులూ కాళ్ళూ ఆడించకుండా పడుకుంటే వంతెన దాకా అదే తీసుకెళ్ళేది. పలంకార్‌లో ఐదో నిమిషానికి అది మళ్ళీ ఒంటికి గుర్తొచ్చింది. చేతులు కట్టుకున్నాను. ఊపిరి నెమ్మదించింది. పగడాల గుమ్మాల మధ్యనుంచి, ఒకదాని తర్వాత ఒకటిగా, ఎవరో ట్రాలీలో పెట్టి తోస్తున్నట్టు వెళ్ళాం.

ఒకచోట గైడు ఆగి, పెద్ద బుర్ర పగడం చూపించాడు. సగం మామూలు గోధుమరంగు, సగం సున్నం కొట్టినట్టు తెలుపు, మధ్యలో చెయ్యెడు వెడల్పు అంచు. ఫ్లోరిడాలో 2014లో కనబడిన పగడాల రోగం 2018లో ఈ తీరానికి చేరింది, కణజాలాన్ని వారాల్లో తినేస్తుంది. పడవెక్కాక చెప్పాడు, ఆ పగడం తను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు నిండుగా ఉండేదట.

రెండో డైవ్ పారడైస్, పన్నెండు మీటర్లు. అక్కడ గైడు ఇసుక మీద దాదాపు బోర్లా పడుకుని, ఒక రాతి అరుగు కిందికి టార్చి కొట్టి, రమ్మని పిలిచాడు. ముందు ఏమీ కనబడలేదు. తర్వాత రెండు మీసాలు. తర్వాత వెడల్పాటి నోరు, తెలుపూ ముదురుబూడిద చారలు, రెక్క అంచున కోడిగుడ్డు సొనలాంటి పసుపు. స్ప్లెండిడ్ టోడ్‌ఫిష్. ఈ దీవి చుట్టుపక్కల తప్ప దాదాపు ఎక్కడా దొరకదు. బయటికి రాలేదు, మా వంక చూసినట్టు కూడా లేదు, నోరు కాస్త తెరిచి మూసింది. మిగతా ముగ్గురూ చూసి వెళ్ళాక కూడా గైడు నాకు ఇంకో నిమిషం ఇచ్చాడు. గేజీ చూసుకున్నాను, 1400.

లాగ్‌బుక్కులో రాసుకున్నాను: పన్నెండో డైవ్, 52 నిమిషాలు, మిగిలింది 900. ఓడ గడియారంలో మూడూ నలభైకి రేవులో ఉన్నాను. తడి జుట్టుతో సెక్యూరిటీ క్యూలో నిలబడితే వెనకనుంచి మావాళ్ళు కూడా చేతుల్లో సంచుల్తో వచ్చి కలిశారు.

"ఏం చూశావమ్మా?" అంది అత్తయ్య.

కప్పమొహం చేప, మీసాలుంటాయి, పసుపు రెక్కలు, ప్రపంచంలో ఇక్కడే ఉంటుంది అని చెప్పాను. ఫోటో లేదు. చేతులతో సైజు చూపించాను.

"దీనికా ఇంత ఖర్చు," అంది.

మామయ్య భీమవరం మనిషి. కాసేపు ఆలోచించి అడిగారు, "పులుసుకి పనికొస్తుందా?"